దండెం మీద పసుపుపచ్చ గుడ్డ

కొత్త ఫ్యాక్టరీ వెనక కాలనీ,
ఆదివారం

వదినకు,

ముందు శుభవార్త చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఉత్తరాన్ని కింద నుంచి పైకి చదువుతావు. నీ ఆడపడుచు సూపర్‌వైజర్ అయింది! నవ్వకు. మెడలో తాడు, తాడుకు కార్డు, కార్డు మీద నా ఫోటో. ఫోటోలో నాకు మెల్లకన్ను ఉన్నట్టు పడింది గానీ పేరు మాత్రం బాగానే అచ్చేశారు. ఏడాది చివరిదాకా ఎలా చేస్తానో చూస్తారట. నచ్చితే ఖాయం, నచ్చకపోతే మళ్లీ మిషను మీదికే. మిషను దగ్గర కూర్చున్న ఆడవాళ్లలోంచి ఒకరిని లేపి సూపర్‌వైజర్‌ని చేయడం ఇక్కడ ఇదే మొదలు. ఇన్నాళ్లూ ఎక్కడో చదువుకుని వచ్చిన కుర్రాళ్లే మా వెనక నిలబడి "కానివ్వండి, కానివ్వండి" అనేవాళ్లు.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఇన్నేళ్ల మిషన్ల హోరు నీ చెవుల్లోనే ఉండిపోయింది. నేను అరవడం, నువ్వు "ఆఁ?" అనడం, చివరికి నీకు తప్ప వీధిలో అందరికీ తెలియడం. అందుకే ఉత్తరం.

పాత ఫ్యాక్టరీ మూతపడి ఏడాది దాటిపోయింది వదినా. అందరం తలో దిక్కూ అయ్యాం. అన్నయ్య ఎలాగూ లేడు, ఇక నాకు ఇక్కడేముంది అని నువ్వు మీ తమ్ముడి ఊరు వెళ్లిపోయావు. నేను ఈ కొత్తదాంట్లో పడ్డాను. ఇక్కడి కుర్చీలకు వీపు ఆనించుకోవడానికి చెక్క ఉంటుంది. బస్సు ఇంటి దగ్గర ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపుతుంది. బాత్రూం తలుపులకు గడియలు ఉన్నాయి, అవి పడతాయి కూడా! పాతదాంట్లో ఒకరు లోపలికెళితే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడి పాట పాడాల్సి వచ్చేది, గుర్తుందా? నువ్వు కాపలా ఉంటే చరణం పూర్తయ్యేదాకా నన్ను బయటికి రానిచ్చేదానివి కాదు.

అన్నీ బాగున్నాయి. మాటలే లేవు. ఒక్కో మిషను మీద చిన్న తెర ఉంటుంది. ఎవరు ఎన్ని కుట్టారో అందులో కనబడుతూ ఉంటుంది. వెనకబడితే ఎర్రగా మారుతుంది. పక్కమనిషి వైపు తల తిప్పే తీరిక ఎవరికీ లేదు. మనకు ఇలా ఉండేదా? ఒకరు లేచి వెళితే అటుపక్కామె, ఇటుపక్కామె కలిసి ఆమె వంతు గుడ్డముక్కల మూట కూడా కుట్టేసేవాళ్లం. లేచింది ఎవరో, కుట్టింది ఎవరో దేవుడికి కూడా తెలిసేది కాదు.

నిన్న హాల్లో తిరుగుతుంటే పాతదాంట్లో పనివాళ్ల బిడ్డల్ని ఉంచే ఊయల గది గుర్తొచ్చింది. మన కుర్చీల్లోంచి కనబడే ఆ అద్దం కిటికీ, దాని వెనక బిడ్డల్ని చూసుకునే పెద్దమ్మ కట్టిన దండెం. తలకు కట్టుకునే గుడ్డలోంచి తల్లులందరం ఒక్కో ముక్క కోసి ఇచ్చాం. ఎవరి బిడ్డ ఆకలికి లేస్తే వాళ్ల ముక్క దండెం ఎక్కేది. చూసి పరిగెత్తేవాళ్లం. నాది తెల్లచుక్కల నీలం. ఎన్ని రంగులని! అన్నీ లెక్క చెప్పగలను, ఒక్కటి తప్ప. చివర్న ఒక పసుపుపచ్చ ముక్క వేలాడేది చూడు, అది ఎవరిది? ఏ బిడ్డదో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. నీకు గుర్తుంటే రాయి.

నీ
వాగుడుకాయ

*

తమ్ముడి ఇంటి వెనక గది

వాగుడుకాయకు,

సూపర్‌వైజరమ్మ గారికి దండాలు. ఆ కార్డు మెడలో వేసుకునే పడుకుంటున్నావని నాకు తెలుసు, దాచకు. మీ అన్నయ్య ఉంటే సందంతా తిరిగి చెప్పి వచ్చేవాడు. ఆయన లేడు కాబట్టి ఆ పని నేను చేశాను. ఇక్కడ నిన్ను ఎరిగినవాళ్లు లేరు, అయినా చెప్పాను. పక్కింటామె "అలాగా" అంది. ఆమెకు నీ గొప్ప ఏం తెలుసు పాపం.

నా సంగతి అంటావా, నేను మహారాణిని. మూటలాయన బండి మీద వచ్చి కాలర్ల మూట పడేసి పోతాడు. కుట్టి ఉంచితే మళ్లీ వచ్చి పట్టుకుపోతాడు. ముక్కకింత అని ఇస్తాడు. నా మీద ఎవరూ లేరు. గంట కొట్టేవాడు లేడు. టీ తాగాలనిపిస్తే తాగుతాను, నడుం వాల్చాలనిపిస్తే వాలుస్తాను. మిషను కిటికీ దగ్గర వేసుకున్నాను, వెలుతురు బాగా పడుతుంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఊయల గది అనగానే నాకు నవ్వొచ్చింది. నీకు పిల్ల పుట్టి పనిలోకి వచ్చిన కొత్తలో మనిద్దరం ఒకే తానులోంచి తలగుడ్డలు కోయించుకున్నాం, మర్చిపోయావా? చుక్కల నీలం నీకూ నాకూ. అప్పుడే నేను జ్వరం పడి లేచాను. మిషను ముందు కూర్చుని తూగుతున్నాను. కళ్లు తెరిస్తే దండెం మీద నీలం. నా గుడ్డ ఎవరో కోసేశారనుకుని ఒంటికాలి మీద లేచి పెద్దమ్మ మీదికి వెళ్లాను. అదే సమయానికి నువ్వు జాకెట్టు తడిసిపోయి అటువైపు నుంచి పరిగెత్తుకొస్తున్నావు. గుమ్మంలో ఇద్దరం ఢీకొన్నాం. నీకు నుదుటి మీద బొప్పి, నాకు పెదవి మీద గాటు. లోపల నీ కూతురు మాత్రం గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు బ్యాంకులో కౌంటర్ వెనక కూర్చుని జనాన్ని వరసలో నిలబెడుతోంది! మేనత్తలా మాట్లాడుతున్నాను గానీ నేను దాని అత్తనే కదా, ఆ మాత్రం హక్కుంది.

ఆ తర్వాతే పెద్దమ్మ నన్ను "నువ్వు ఇంకో రంగు కట్టుకోవే తల్లీ" అని తిట్టింది.

పసుపుపచ్చదా? ఏమో, ఎవరిదో. అంతమంది బిడ్డల్లో ఎవరిదని చెప్పను.

వేళకు తిను. నిలబడి చేసే పని, కాళ్లు వాస్తాయి. ఉప్పునీళ్లలో పెట్టుకో.

మీ వదిన

*

కాలనీ,
వానలు మొదలైన వారం

వదినా,

ఈసారి సరదా ఉత్తరం కాదు.

నా లైన్లో పొట్టిజడ అని ఒక పిల్ల ఉంది. కాన్పు అయ్యాక జడ కత్తిరించేసింది, ఆ పేరే స్థిరపడిపోయింది. పసిబిడ్డను కాలనీలో ఎవరో ముసలామె దగ్గర పడేసి వస్తోంది. మధ్యాహ్నమయ్యేసరికి గుండెలు రాయిలా గట్టిపడి వంగి కుట్టలేకపోతోంది. బాత్రూంలోకి వెళ్లి పాలు పిండి గోడకు పోసి వస్తుంది. ఆ కాసేపట్లో తెర ఎర్రబడుతుంది. ఎర్రబడితే నేను వెళ్లి అడగాలి. అది నా పని. వెళ్లి నిలబడ్డాను. ఏమని అడగను? ఆ పిల్ల ఎప్రన్ మీద రెండు తడి మరకలు. నాకు తెలిసిన మరకలే కదా అవి. "నీళ్లు తాగు" అనేసి వచ్చేశాను.

ఇక్కడ ఊయల గది లేదా అంటే, ఉంది! అదే నా కడుపు మంట. హాలు చివర అద్దాల గది. లోపల మూడు ఊయలలు, రంగు బొమ్మలు, మెత్తటి చాప, అన్నీ కొత్తవి. చట్టం ప్రకారం పెట్టాలి కాబట్టి పెట్టారు. తాళం వేసి ఉంటుంది. అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పెద్ద బొమ్మ అతికించారు. తెల్లగా నవ్వే తల్లి, బొద్దుగా నవ్వే బిడ్డ. బయటినుంచి పెద్దవాళ్లు తనిఖీకి చూడటానికి వచ్చిన రోజు తాళం తీసి, ఫినాయిల్ వేసి తుడిచి, వాళ్లు పోగానే మళ్లీ వేసేస్తారు.

మేనేజరును అడిగాను. మనిషి చెడ్డవాడేం కాదు, కసురుకోడు కూడా. "చూసుకోవడానికి మనిషి లేరమ్మా, ఏదైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. అయినా నీ పరీక్ష కాలం అయిపోనీ, తర్వాత చూద్దాం" అన్నాడు. పరీక్ష కాలం అన్న మాట కొంచెం మెల్లగా అన్నాడు. నాకు అర్థమయ్యేలాగే అన్నాడు.

ఏడాది చివరికి ఆ బిడ్డ నడుస్తూ ఉంటుంది వదినా. అప్పుడు ఊయల ఎందుకు?

తాళంచెవి నా గుత్తిలోనే ఉంది. సూపర్‌వైజర్లందరి దగ్గరా ఉంటుంది. ఏం చేయమంటావు?

వాగుడుకాయ

*

వెనక గది

ఏమే,

నోరు మూసుకుని కూర్చో. తాళంచెవి ఉంటే ఉండనీ. నువ్వేం చేయకు.

నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ. నువ్వు ముక్కుసూటి మనిషివి, ముందు చేసి తర్వాత ఆలోచిస్తావు. ఆ కుర్చీ దాకా మనలో ఎవరు వెళ్లారు? నువ్వొక్కదానివే. అది పోగొట్టుకున్నాక నీ జాలి ఎవరికి పనికొస్తుంది? మళ్లీ చదువుకున్న కుర్రాడొకడు వచ్చి పొట్టిజడ వెనక నిలబడతాడు. వాడు "నీళ్లు తాగు" అని కూడా అనడు.

నేను మహారాణినని రాశాను కదా. ఇప్పుడు నిజం రాస్తాను, అప్పుడైనా నీ పట్టుదల తగ్గుతుందేమో. మూటలాయన వచ్చినప్పుడు కాలర్లు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టుకుని చూస్తాడు. నచ్చకపోతే పక్కన పడేస్తాడు. వాటికి ఏమీ రాదు, గుడ్డ పాడైందని దాని ఖరీదు నా డబ్బులోంచే పట్టుకుంటాడు. మొన్న జ్వరం వచ్చి మంచం మీద ఉంటే మూట వేరే ఇంట్లో వేసి పోయాడు. ఎవరింట్లోనో నాకు తెలియదు. ఈ సందులో ఎన్ని మిషన్లున్నాయో కూడా తెలియదు. గోడకు చెవి ఆనిస్తే అటువైపు మిషను అదురుతున్నట్టు తెలుస్తుంది. ఆమె చేతులు కుడుతోందో గుండీలు కుడుతోందో. నా కాలరూ ఆమె చేతులూ ఒకే చొక్కాకు పోతాయి. మేమిద్దరం మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

టీ తాగాలనిపిస్తే తాగుతానన్నాను. నిజమే. ఒక్కదాన్నే తాగుతాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడేది మిషనుతోనే. దారం తెగితే "ఏమే, నీకేం వచ్చింది" అంటాను. మొన్న తమ్ముడు గుమ్మంలో నిలబడి విన్నాడు.

నెల జీతం, సెలవు, ఒంట్లో బాగాలేకపోయినా జీతం కోయని రోజు, ఇవన్నీ ఉన్నప్పుడు నీళ్లలా అనిపిస్తాయి. లేకపోతే తెలుస్తుంది. నీ ఉద్యోగం జాగ్రత్త. పెద్దదాన్ని, చెప్తున్నాను విను.

మీ వదిన

*

కాలనీ,
చలి మొదలయ్యాక

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఏడ్చాను. అప్పటికే పని జరిగిపోయింది.

కోప్పడకు, చెప్పేది విను. పొట్టిజడకు జ్వరం పట్టింది. పాలు గడ్డకట్టి వచ్చిన జ్వరం. అయినా పనికి వచ్చింది. నువ్వు మూట పోతుందని భయపడ్డట్టే ఆ పిల్లా భయపడింది. లైన్లో కూర్చుని వణుకుతోంది. తెర ఎర్రగా ఉంది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. అప్పుడు ఏం జరిగిందో తెలుసా? అటుపక్క అమ్మాయి చెయ్యి చాపి పొట్టిజడ మూటలోంచి కొన్ని లాక్కుంది. మన పాత ఫ్యాక్టరీని చూడనైనా చూడని పిల్ల! ఎవరు నేర్పారు వదినా దానికి? నేను సూపర్‌వైజర్‌ని, చూడనట్టు ముఖం తిప్పుకున్నాను. తిప్పుకుంటే ఎదురుగా ఆ నవ్వే తల్లి బొమ్మ.

మర్నాడు సెలవు. గుత్తి తీసుకుని వెళ్లాను. సబ్బునీళ్లు పోసి, దారం కత్తెరతో గీకి, ఆ తల్లినీ బిడ్డనూ మొత్తం పీకేశాను. బాగా గట్టిగా అతికించారు. తల్లి ముఖం ఊడి వచ్చింది గానీ ఆ పళ్లు మాత్రం చివరిదాకా అద్దాన్ని వదల్లేదు! అద్దం తుడిచాక హాలంతా కనబడింది. మిషన్లన్నీ వరసగా. లోపల దండెం కట్టాను.

సోమవారం పొట్టిజడ బిడ్డతో పాటు ఇంకో ఇద్దరు బిడ్డలు వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. భోజనం వేళలు ముందూ వెనకా మార్చుకుని, ఎప్పుడూ ఒకరు గదిలో ఉండేలా వంతులేసుకుని చూస్తున్నాం. తలగుడ్డలు ఇక్కడ కూడా కట్టుకుంటారు, ముక్కలు కోసి ఇచ్చారు. ఒకటి గులాబీ, ఒకటి గళ్లది, పొట్టిజడది ఆకుపచ్చ. ఆకుపచ్చ మొదటిసారి దండెం ఎక్కినప్పుడు ఆ పిల్లకు అర్థం కాలేదు. పక్కామె మోచేత్తో పొడిచింది. అప్పుడు లేచి పరిగెత్తింది చూడు, తెర ఏ రంగులో ఉందో ఎవరూ చూడలేదు.

మేనేజరు ఇంకా చూడలేదు. ఊళ్లో లేడు. వచ్చే వారం వస్తాడు. చూసేవాళ్లు కూడా వస్తారట, బయటినుంచి.

భయంగా ఉంది. కానీ తాళం మాత్రం వేయను.

వాగుడుకాయ

*

వెనక గది

అమ్మడూ,

కోప్పడలేదు. కాసేపు కాలర్లు పక్కన పెట్టి కూర్చున్నాను, అంతే. ఆ పళ్లు అద్దాన్ని వదల్లేదని చదివి చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. గోడ అవతల మిషను ఆగింది. ఎవరో "ఏమైందండీ?" అని నా చెవులకు కూడా అందేంత గట్టిగా అరిచారు. "ఏం లేదు, మా ఆడపడుచు" అని నేనూ అరిచాను. ఇన్నాళ్లకు ఆ మనిషి గొంతు విన్నాను. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. చేతులే కుడుతుందట.

నువ్వు పసుపుపచ్చ ముక్క ఎవరిదని అడిగావు. తెలియదన్నాను. తెలుసు. నాదే.

నాకు పిల్లల్లేరు కదా, నా గుడ్డ అక్కడెందుకు అని అంతమందిలో ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. మంచిదే, అడిగితే ఏం చెప్పేదాన్ని. ఆ నీలం గుడ్డ గొడవ జరిగాక పెద్దమ్మ నన్ను ఇంకో రంగు కట్టుకోమంది కదా. పసుపుపచ్చది కట్టుకుని వెళ్లాను. ఆవిడ కత్తెర పట్టుకుని నిలబడి ఉంది. "ఒక ముక్క ఇవ్వు" అంది. "నాకెందుకు పెద్దమ్మా" అన్నాను. "ఆకలికి ఏడిస్తే తల్లిని పిలుస్తాను. ఊరికే ఏడిస్తే? ఎత్తుకోమని ఏడిస్తే? నాకున్నవి రెండు చేతులే. అప్పుడు నిన్ను పిలుస్తాను" అంది. నా వైపు జాలిగా చూడలేదు. ముక్క కోసి దండెం చివర వేసి తన పనిలో పడిపోయింది.

ఆ రోజు నుంచి పసుపుపచ్చ ఎక్కినప్పుడల్లా వెళ్లేదాన్ని. నువ్వు నా పక్కనే కూర్చుని నా మూట కుట్టేదానివి, బాత్రూంకి వెళ్లాననుకుని. ఎందరు బిడ్డల్ని భుజాన వేసుకున్నానో. నీ కూతురు మరీ మొండిది, నా గుడ్డ కొస నోట్లో పెట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. మీ అన్నయ్యకు కూడా చెప్పలేదు ఈ సంగతి. ఇది ఒక్కటి నాకోసం ఉంచుకున్నాను.

ఆ ఫ్యాక్టరీ నాకు జీతం ఇచ్చింది, చెవులు తీసుకుంది. అవన్నీ సరే. ఇప్పటికీ కాలరు మడత పెడుతూ ఉన్నట్టుండి తలెత్తుతాను, ఎదురుగా కిటికీ చూస్తాను. ఈ కిటికీలో ఎదురింటి గోడ తప్ప ఏమీ ఉండదు.

పెద్దమ్మ పని మానేసి వెళ్తూ నీ ముక్కా నా ముక్కా నా చేతిలో పెట్టింది. మిషను సొరుగులో ఉంచాను. రెండూ ఈ కవర్లో పంపుతున్నాను. నీది నువ్వు ఉంచుకో. నాది నా దగ్గర మాత్రం ఎందుకు?

మేనేజరు వస్తే గొంతు పెంచకు. ఏం జరిగినా రాయి.

మీ వదిన

*

కాలనీ,
ఏడాది చివర

వదినా,

మేనేజరు, చూడటానికి వచ్చినవాళ్లు ఒకే రోజు వచ్చారు. ఆయన అద్దం చూసి అలాగే ఆగిపోయాడు. వచ్చినవాళ్లు మాత్రం లోపలికి వెళ్లి, బిడ్డల్ని చూసి, దండెం చూసి, ఇది ఏమిటని అడిగి, తెగ మెచ్చుకున్నారు. ఇన్ని చోట్లు తిరిగాం, ఊయల గదిలో నిజంగా బిడ్డలుండటం ఇక్కడే చూశాం అన్నారట. మేనేజరు ముఖంలో రంగులు మారాయి. చివరికి చేతులు కట్టుకుని "మా కార్మికుల సంక్షేమం మాకు ముఖ్యం" అన్నాడు! నేను నవ్వు ఆపుకోలేక దారం రీళ్ల వెనక్కి వెళ్లాను.

వాళ్లు వెళ్లాక నన్ను పిలిచాడు. గది ఇక మూయడం కుదరదు, ఫోటోలు తీసుకుని పోయారు. కానీ అడగకుండా తాళం తీశాను, కంపెనీ బొమ్మ చింపాను. అలాంటి మనిషిని ఖాయం చేయలేమన్నాడు. కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఇక దిగులు పడకు, మెల్లకన్ను ఫోటో పీడ విరగడైంది. బాధ లేదంటే అబద్ధం. ఆ రోజు బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకునే కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే నా చోట్లోకి చదువుకున్న కుర్రాడొకడు వచ్చాడు. మళ్లీ మిషను మీద మెడలు, కాలర్లు కుట్టే పని నాకిచ్చారు. పొట్టిజడ పక్క మిషనే నాది. ఆ పిల్ల లేచినప్పుడు మూట నేను లాక్కుంటాను. నా చెయ్యి ఇంకా వేగంగానే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. గదికి మనిషి కావాలి. వంతులతో కుదరదు, ముగ్గురు బిడ్డలు ఆరుగురయ్యారు. కంపెనీ పేరు మీదే ఉద్యోగం, మూటల పని కాదు. నెల జీతం, సెలవులు, బస్సు, అన్నీ. తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మేనేజరు అడిగాడు. నన్నే అడిగాడు, చూశావా! ఒకావిడ ఉంది, చెవులు కొంచెం మందం అన్నాను. పర్వాలేదు, ఏడుపు కనబడుతుంది కదా అన్నాడు.

నా కూతురికి ఫోన్‌లో పసుపు ముక్క సంగతి చెప్పాను. "అత్తకు ఇల్లు ఎందుకు వెతకడం, మనింట్లో ఉండమను" అంది.

నువ్వు పంపిన కవరు అందింది. నా నీలం ముక్క దాచుకున్నాను. నీది దాచలేదు. ఇవాళ మధ్యాహ్నం కొత్త బిడ్డ ఒకటి ఊరికే ఏడ్చింది. పాలు తాగింది, తడి లేదు, అయినా ఏడుపు. ఎత్తుకునేవాళ్లు లేక ఏడుపు.

నీ పసుపుపచ్చ ముక్క దండెం మీద వేశాను వదినా. అంత దూరం నుంచి నీకు కనబడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వాగుడుకాయ

*

వెనక గది

అమ్మడూ,

మూటలాయనకు చెప్పేశాను. మిషను గోడ అవతలామెకు ఇచ్చేస్తున్నాను, ఆమెది పాతబడింది. తమ్ముడు బస్సు ఎక్కిస్తానన్నాడు. సందు చివరిదాకా ఆమె కూడా వస్తానంది.

ముక్క దించకు. నేను వచ్చేదాకా ఆ బిడ్డను ఎవరో ఒకరు ఎత్తుకోండి.

మీ వదిన